అడుగు మందం గోడ

మహబూబాబాద్ నుంచి గార్ల పోయే ఆటో సగం దారిలో పంక్చరైతే అందరం దిగాం. ఒకతను మాత్రం ఒళ్లో సమ్మెట పెట్టుకుని లోపలే కూర్చున్నాడు.

"బలరామన్నా, దిగరాదే! నిన్నైతే మోస్తది బండి, నీ సమ్మెటతోనే పరేషాన్," అన్నాడు డ్రైవర్ సోమయ్య.

దిగాడు. గార్ల దగ్గరి తండాకు చెందిన లంబాడీ మేస్త్రీ. యుద్ధం మొదలయ్యాక ఇజ్రాయెల్‌లో ఇళ్లు కట్టే మనుషులు కరువైతే, హైదరాబాద్‌లో పెట్టిన పరీక్ష నెగ్గి అక్కడికి వెళ్లాడు. అక్కడ ప్రతి కొత్త ఇంట్లోనూ మందపాటి కాంక్రీటు గది ఉండి తీరాలని చట్టం. సైరన్ మోగితే ఇంటివాళ్లు అందులో దూరాలి. బలరాం పోసింది ఆ గదులే. పడుకున్నది మాత్రం కూలీలకిచ్చిన రేకు డబ్బా లాంటి గదిలో.

"సైరన్ కొడితే మేం కట్టే గదులల్లకే ఉరికేటోళ్లం బాపు. ఇండ్లల్లకు మనుషులొచ్చినంక గవి వాళ్లయి. మేమెటు ఉరకాలె?"

ఓరుగల్లు కోట చుట్టూ తిరిగినప్పుడల్లా నాకూ ఇదే ఆలోచన. ఆ గోడకు మట్టి మోసినవాళ్లలో ఎందరు గోడ లోపల నిద్రపోయారో! పుస్తకాలు గోడ మందం చెబుతాయి గానీ, అది చెప్పవు.

తిరిగొచ్చేసరికి భార్య చాందీ పేరున సర్కారు ఇల్లు మంజూరైంది. పాత గుడిసె పీకేశారు. చేతికి అలవాటైన పని, పైగా గుండెలో దిగని భయం. ముందుగా ఒక గదిని అడుగు మందం గోడలతో లేపి, దానికొక్కదానికే స్లాబు పోశాడు. మిగతా గోడలు నడుము దాకా వచ్చాయి. కొలతలు లోపలి నుంచి లెక్కేసుకున్నాడు. వచ్చిన ఇంజనీరు టేపు బయటి గోడలకు పెట్టాడు. సర్కారు ఇంటికి పెట్టిన కొలత హద్దు దాటింది. ఆ గది కొట్టేస్తేనే తర్వాతి బిల్లన్నాడు.

"మన తండాకు రోడ్డే ఎయ్యరు, బాంబెవడేస్తడే?" జాకీ ఎత్తుతూ నవ్వాడు సోమయ్య.

"నాకెరుక లేదా? కండ్లు మూస్తే సైరనే వినొస్తది. మా అమ్మ తుల్సీబాయికి గవన్నీ తెల్వయి. సల్లగుంటదని అండ్లనే పంటది. ఇంటిల్లిపాదికి గదొక్కటే కప్పు."

"వానలు పోయేదాకా ఆగరాదూ?" అన్నాను.

"ఆగితే ఇల్లే రద్దంటున్నరు. కొడితే తడుస్తం, కొట్టకుంటే ఇల్లే లేదు. ఏంది బాపు గీ తిరకాసు?"

తండా మలుపులో ఆటో ఆగింది. రోడ్డు పక్కనే, నడుమెత్తు గోడల మధ్య ఆ గది ఒంటరిగా నిలబడి ఉంది. చాందీ బియ్యం డబ్బా, దుప్పట్లు బయట పెడుతోంది. మమ్మల్ని చూసి తమ భాషలో ఏదో అరిచింది.

"ముసలామె బయటికి రానంటుందట," అన్నాడు సోమయ్య నాతో, ఈసారి నవ్వకుండా.

బలరాం సమ్మెట భుజానికెత్తుకున్నాడు. నేను చెయ్యి ఊపాను. అతను వెనక్కి చూడలేదు. తల్లి కూర్చున్న గది వైపు నడిచి వెళ్లిపోయాడు.