రికవరీ: పరీక్షించి ధ్రువీకరించడమైనది

అజాగ్రత్త మనిషి చేసే నష్టానికి ఒక హద్దుంటుంది. మధ్యలో విసుగొచ్చి వదిలేస్తాడు. పద్ధతి గల మనిషి అలా కాదు, చివరిదాకా చేస్తాడు. ఆరేళ్ళ క్రితం ఒక మంగళవారం నేను ఏ నియమమూ తప్పకుండా, ప్రతి మెట్టూ డైరీలో రాసుకుంటూ, మా ఆవిడ గొంతును లోకంలో లేకుండా చేశాను. ఎలా చేశానో వరుసగా చెబుతాను. నవ్వొచ్చిన చోట నవ్వండి. నాకు రావడానికి రెండేళ్ళు పట్టింది.

ముప్ఫై నాలుగేళ్ళు ఢిల్లీలో ప్రభుత్వ కార్యాలయాల స్టోర్సు తనిఖీ చేసిన వాణ్ణి. ఎన్ని ఫ్యాన్లున్నాయి, వాటిలో ఎన్ని తిరుగుతున్నాయి, ఎన్ని ఊరికే వేలాడుతున్నాయి అని చూసి సర్టిఫికెట్ రాయడం నా ఉద్యోగం. కాగితం మీద 'ఉంది' అని ఉంటే నమ్మేవాణ్ణి కాదు. మంటలార్పే సిలిండరు ఉందంటే పిన్ను లాగి, పిడి నొక్కి చూడాల్సిందే. ఒకసారి అలా లాగి డైరెక్టరుగారి బల్ల నిండా నురుగు పోశాను. ఆయన నురుగులోంచి నన్ను చూస్తుండగానే 'పనిచేస్తున్నది' అని రాసి సంతకం పెట్టాను. రిటైరై మయూర్ విహార్ ఫ్లాటులో కూర్చున్నాక తనిఖీ చేయడానికి మా ఆవిడ విశాలాక్షి వంటింటి డబ్బాలు తప్ప ఏమీ మిగల్లేదు. పదిహేడో ఏటినుంచి డైరీ రాస్తున్నాను. ఆ రోజుల్లో అందులో పెసరపప్పు నిల్వ కూడా ఉండేది.

అలాంటి రోజుల్లో విశాల గొంతు బొంగురుపోయింది. జలుబనుకున్నాం, అల్లం రసం తాగించాం. చివరికి డాక్టరు కేన్సర్ అన్నాడు. ఆపరేషన్ చేస్తే మనిషి దక్కుతుంది. కానీ స్వరపేటిక మొత్తం తీసేయాలి. ఇక మాట రాదు. ఆస్పత్రి క్యాంటీన్లో మా అమ్మాయి సుధ, నేను, విశాల మూడు టీలు ముందు పెట్టుకుని, అవి చల్లారేదాకా చూస్తూ కూర్చున్నాం.

"పోనిద్దురూ," అంది విశాల. "నలభై ఏళ్ళుగా చెబుతున్నా వినలేదు. ఇప్పుడు వినకపోవడానికి మీకో కారణం దొరికింది."

ఆపరేషన్ తేదీ నాలుగు వారాల తరవాత దొరికింది. ఆస్పత్రిలో స్పీచ్ థెరపిస్టు ఒక చిన్నపిల్ల, తెలుగు రాదు. ఆ అమ్మాయి ఓ సలహా ఇచ్చింది. ఆంటీ ఇంట్లో రోజూ అనే మాటలన్నీ ఆమె గొంతుతోనే రికార్డు చేసి దాచుకోండి, తరవాత ఫోనులో మాటకో బటన్ పెట్టొచ్చు, నొక్కితే ఆమే మాట్లాడినట్టుంటుంది, అంది.

నాకు ప్రాణం లేచొచ్చింది. పని! డైరీలన్నీ దించి, విశాల అన్న మాటలు ఏరి, నాలుగు రోజుల్లో మూడు వందల పన్నెండు వాక్యాల లిస్టు తయారుచేశాను. వంటిల్లు, మందులు, అతిథులు, నన్నుద్దేశించినవి, అని విభాగాలు. సుధ తన పాత లాప్‌టాప్ ఇచ్చింది. అది మరీ నత్తలా ఉందని మార్కెట్లో కంప్యూటర్లు బాగుచేసే గుప్తా దగ్గరికి తీసుకెళ్ళాను. అతను విండోస్ మళ్ళీ కొత్తగా వేసి, డిస్కును గోడ కట్టినట్టు విడదీసి సి, డి అని రెండు గదులు చేశాడు.

"అంకుల్‌జీ, మీ సామానంతా డిలో పెట్టుకోండి. విండోస్ పాడైనా డికి ఏమీ కాదు," అన్నాడు. "ఒక్కటే చిన్న సంగతి. డిస్కులో ఒక మూల కంపెనీవాళ్ళు దాచిన రికవరీ భాగం ఉంటుంది. స్టార్ట్ చేసేటప్పుడు ఒక బటన్ నొక్కితే అది లేచి, లాప్‌టాప్‌ని కొన్నరోజున ఎలా ఉందో అలా చేసేస్తుంది. నేను విండోస్ మళ్ళీ వేశాను కదా, దానికి దారి మూసుకుపోయింది. ఛోడియే, దాంతో మీకేం పని?"

మంచి మాట. అక్కడితో వదిలేయాల్సింది.

పన్నెండు రోజులు రికార్డింగు. ఫ్యాన్ ఆపి, కిటికీలు మూసి, నేను నంబరు చెబితే ఆమె వాక్యం చదివేది.

"నంబరు ఇరవై మూడు."

"గ్యాస్ కట్టేశారా?"

"కాస్త సాగదీసి అను."

"గ్యాస్ కట్టేశారా అని ఎవరైనా సాగదీస్తారండీ? ఈలోగా ఇల్లంటుకుపోదూ!"

నూట నలభయ్యో వాక్యం 'కొత్తిమీర తెచ్చారా'. నేను చాలా సీరియస్‌గా, "దీంట్లో కొంచెం ఆశ వినిపించాలి" అన్నాను. అంతే, విశాల నవ్వడం మొదలుపెట్టింది. కళ్ళు తుడుచుకుంటూ, మధ్యలో దగ్గుతూ, మళ్ళీ నవ్వింది. అదీ రికార్డయింది. లిస్టులో లేదు గనక నంబరు ఇవ్వలేదు. 'ఇతరములు' అని పేరు పెట్టాను.

అంతా అయ్యాక ఆఫీసు పద్ధతిలో మూడు ప్రతులు తీశాను. డిలో మూడు ఫోల్డర్లు: అసలు, మొదటి నకలు, రెండో నకలు. ఆఫీసులో మూడు ప్రతులు మూడు బీరువాల్లోకి వెళ్ళేవి. అది చేసేది అటెండరు కాబట్టి, ఆ మెట్టు నా డైరీలో ఎప్పుడూ లేదు.

సుధ ఫోను చేసింది. "నాన్నా, క్లౌడ్ మే డాల్ దియా న?"

"ఇంటి మనిషి గొంతు తీసుకెళ్ళి ఎవరి గోడౌన్లోనో పెట్టడమేమిటమ్మా? మూడు కాపీలున్నాయి."

"పెన్ డ్రైవ్?"

"బీరువాలో ఉంది."

అబద్ధం కాదు. పెన్ డ్రైవ్ బీరువాలోనే ఉంది. ప్యాకెట్ విప్పకుండా, దుమ్ము పడకుండా.

ఆపరేషన్‌కి ఇంకా పన్నెండు రోజులున్నాయి. చేయడానికి ఏమీ లేదు. విశాల మాట్లాడుతుంటే వినబుద్ధయ్యేది, వింటుంటే లేచి పోవాలనిపించేది. భయం వేస్తే కొందరు దేవుడి గదిలోకి వెళ్తారు. నేను తనిఖీకి వెళ్తాను. డైరీలో పాత పేజీలు తిరగేస్తుంటే ఒక పద్దు కనబడింది: 'రికవరీ భాగం – ఉంది. పనిచేయదు.' నా భార్య గొంతున్న యంత్రంలో పనిచేయని వస్తువా!

డిస్కు పటం తెరిచి చూశాను. సి, డి, ఆ చివర పేరూ అక్షరమూ లేని సన్నటి పట్టీ. పది నుంచి ఐదు దాకా, మధ్యలో భోజన విరామం, శని ఆదివారాలు సెలవు. ఇలా నాలుగు పనిదినాలు దాని వెంటబడ్డాను. ఇంటర్నెట్లో చదివి పద్నాలుగు పేజీల నోట్సు రాశాను. నల్లటి తెర మీద ఒక్కో ఆజ్ఞా టైపుచేసి, చేసినదాని పక్కన టిక్కు పెట్టాను. సోమవారం సాయంత్రం లాప్‌టాప్ ఆపి, మళ్ళీ వేసి, బటన్ నొక్కితే, ఏళ్ళతరబడి ఏ సీట్లో ఉన్నాడో తెలియని గుమస్తా జీతాల రోజున ప్రత్యక్షమైనట్టు, నీలం రంగు రికవరీ తెర వచ్చి నిలబడింది!

డైరీ: 'దారి తెరుచుకున్నది. పరీక్షించవలసి ఉన్నది.'

ఇక్కడ ఆగొచ్చుగా అని మీరు అంటారు. మంగళవారం పొద్దున్న విశాల కూడా అంది.

"వచ్చింది కదా, ఇంక మూసేయండి."

"తెర వచ్చింది. పనిచేస్తుందో లేదో ఇంకా చూడలేదు."

"దాని పనేమిటి?"

"లాప్‌టాప్‌ని కొన్ననాటి స్థితికి తెస్తుంది."

"కొన్ననాడు అందులో నా గొంతు ఉందా?"

చూశారా? కంప్యూటరు ముట్టుకోని మనిషి అడిగిన ప్రశ్న. పద్నాలుగు పేజీల నోట్సులో ఆ ప్రశ్న లేదు.

"నీ గొంతు డిలో ఉంది," అన్నాను, చిన్నపిల్లకి చెప్పినట్టు. "ఇది సి జోలికే వెళ్తుంది. డికి ఏమీ కాదని గుప్తా చెప్పాడు."

గుప్తా చెప్పింది విండోస్ పాడైతే సంగతి. రికవరీ గురించి అతను చెప్పింది ఒక్కటే, ఛోడియే అని.

పదిన్నరకి మొదలుపెట్టాను. డిస్కులో ఉన్నదంతా పోతుంది, సమ్మతమేనా అని తెర మూడుసార్లు అడిగింది. ప్రతి సర్కారీ ఫారం అడుగునా ఇలాంటి బెదిరింపు ఒకటుంటుంది, దాన్ని ఎవరు పట్టించుకుంటారు? మూడుసార్లూ సరేనన్నాను. మూడు టిక్కులు పెట్టాను. ఒక పచ్చగీత మెల్లగా నిండుతూ పోయింది. ముప్పావు గంటకి లాప్‌టాప్ నిన్ననే పుట్టినట్టు లేచి, మీది ఏ దేశం అని నన్నే అడిగింది. ఎంత ముచ్చటేసిందో! వెంటనే డైరీ తీసి, 'పరీక్షించి, సక్రమంగా పనిచేస్తున్నట్టు ధ్రువీకరించడమైనది' అని రాసి సంతకం పెట్టాను.

ఆ తరవాత డి కోసం చూశాను.

సి ఉంది. డి లేదు. ఎక్కణ్ణుంచి వస్తుంది? కొన్ననాడు ఆ డిస్కు మొత్తం ఒకటే గది. గోడ కట్టింది గుప్తా. రికవరీ నిజాయితీగా గోడ పడగొట్టి, గదినంతా కడిగి, కొత్తగా సున్నం వేసింది. అసలు, మొదటి నకలు, రెండో నకలు, ఇతరములు – అన్నీ ఆ గదిలోవే.

విశాల హాల్లో చిక్కుళ్ళు తుంచుతోంది.

"ఏమైంది?"

"పనిచేసింది."

"మరి ముఖం అలా ఉందేం?"

"చాలా బాగా పనిచేసింది."

ఆమెకు అర్థమైంది. చిక్కుళ్ళు తుంచడం ఆపలేదు, ఏమీ అనలేదు. నలభై ఏళ్ళలో ఆమె అలా ఊరుకోవడం నేను చూడలేదు. ఇక రోజూ ఇంతే కదా అని అప్పుడు తెలిసి, గుమ్మంలోనే కూర్చుండిపోయాను.

సాయంత్రం సుధ వచ్చింది. "నాన్నా, ఆప్ నే టెస్ట్ క్యోం కియా?"

"టెస్టు చేయకుండా సంతకమెలా పెడతానమ్మా?"

"సంతకం నిన్నెవరడిగారు!" అని అరిచింది. పుట్టి బుద్ధెరిగాక ఆ పిల్ల నాతో తెలుగులో పోట్లాడటం అదే మొదలు.

పోయిన ఫైళ్ళు వెలికితీసే వాళ్ళ దగ్గరికి లాప్‌టాప్ తీసుకెళ్ళింది. గురువారం వాళ్ళు కొన్ని పేర్లు తీసిచ్చారు. 'గ్యాస్ కట్టేశారా' అనే పేరు మూడు ప్రతుల్లోనూ దక్కింది. తెరిస్తే గరగర. కొన్నిట్లో అదీ లేదు. 'ఇతరములు' పేరు కూడా రాలేదు.

సోమవారం ఆపరేషన్. మధ్యలో మూడు రోజులు. విశాల గొంతు అప్పటికి ఇసక మీద రేకు ఈడ్చినట్టుంది. నేను లిస్టు పట్టుకుని గదిలోకి వెళ్ళాను.

"అది నాకొద్దు," అంది. "మీ వాక్యాలు పన్నెండు రోజులు చదివాను. ఈ మూడు రోజులూ నా మాటలు నేను మాట్లాడుకుంటాను. సుధా, నీ ఫోను పెట్టు. మీరు అక్కడ కూర్చోండి. ఏమీ ముట్టుకోకండి."

కూర్చున్నాను. ఆమె నన్ను చూస్తూ మాట్లాడింది. నొప్పి వచ్చినప్పుడు నీళ్ళు గుటకేసి, మళ్ళీ అందుకుంది.

"పెళ్ళిచూపుల్లో మా నాన్న ఇచ్చిన కుర్చీ ఊపి చూసి కూర్చున్నారు, అప్పుడే తెలిసింది నాకు... పప్పు డబ్బాలో చెయ్యి పెట్టకండి... బాగున్నదాన్ని బాగుందో లేదో చూడకపోతే మీకు తోచదా... ఇటు రండి. దగ్గరికి రండి. ఏడవకండి, ముక్కు తుడుచుకోండి... అన్నం తిన్నారా?"

ప్రతి ముక్కా సుధ అప్పటికప్పుడు క్లౌడ్‌కి పంపింది. గోడౌన్ మాట నేను ఎత్తలేదు.

ఆదివారం ఆస్పత్రికి బయల్దేరే ముందు సుధ అడిగింది. "అమ్మా, ఒక్కసారి నవ్వవా?"

"నవ్వమంటే వస్తుందిటే?" అంది. అయినా ప్రయత్నించింది. దగ్గు వచ్చింది. ఇంకోసారి చూసింది. మళ్ళీ దగ్గే. సుధ ఫోను ఆపేసింది.

విశాల నవ్వు మా దగ్గర లేదు. ఇప్పుడూ నవ్వుతుంది, భుజాలు కదులుతాయి, కళ్ళలో నీళ్ళు తిరుగుతాయి. చప్పుడుండదు. పక్క గదిలో ఉంటే నాకు తెలియదు. అందుకని నేను ఎక్కువగా పక్క గదిలో ఉండను.

ఆపరేషన్ బాగా జరిగింది. సుధ ఫోనులో బటన్లు పెట్టింది. వాటిలో మూడొంతులు నన్ను తిట్టేవే. ఆర్నెల్లకి ఆ స్పీచ్ థెరపిస్టు ఎలా వాడుతున్నారో చూద్దామని ఇంటికి వచ్చింది. విశాల నా వైపు చూసి ఒక బటన్ నొక్కింది.

"మిమ్మల్ని కట్టుకున్నందుకు కాదు, మీ చేతికి ఆ లాప్‌టాప్ రానిచ్చినందుకు ఏడుస్తున్నానండీ!"

ఆ అమ్మాయి కళ్ళు చెమర్చాయి. "ఎంత ప్రేమగా మాట్లాడుతున్నారు! ఏమంటున్నారు అంకుల్?"

"నీకు టీ పెట్టమంటోందమ్మా," అని లేచి వెళ్ళి పెట్టాను. వెనక్కి తిరిగి చూస్తే విశాల భుజాలు ఊగుతున్నాయి.

కాబట్టి ఇందుమూలంగా, నా ఇష్టపూర్వకంగా, ఏ ఒత్తిడీ లేకుండా ప్రమాణం చేస్తున్నాను. ఇకపై ఏ వస్తువైనా పనిచేస్తోందని ఎవరైనా చెబితే నమ్ముతాను. ఏ దారైనా మూసుకుపోయి ఉంటే మూసుకునే ఉండనిస్తాను. ఎవరూ అడగని సంతకం పెట్టను. మూడు ప్రతులూ మూడు చోట్ల పెడతాను, పెట్టాక వాటి వైపు కన్నెత్తి చూడను. ఈ ప్రమాణం నిలబడుతుందో లేదో పరీక్షించి కూడా చూడను.