పెదనాయన ఎంచిన బండి

మొన్న పొద్దున నేను గిద్దలూరు స్టేషనులో ఉండగా మా పెదనాయన పోయారని కబురు అందింది. ఇంటి అరుగు మీద కూర్చుని కాఫీ తాగుతూ అట్లాగే ఒరిగిపోయారట. కూర్చుని పోయారంటే నమ్మబుద్ధి కాలేదు. ఆయన కుదురుగా కూర్చోగా చూసినవాళ్లు తక్కువ. అన్నం కూడా సగం నిలబడే తినేవారు. "కూసుంటే నా కాళ్లు నన్ను తిడతాయిరా" అనేవారు.

మార్కాపురం స్టేషను పక్కన ఆయనకు పలకల గోడౌను ఉంది. రాతిపలకలను చెక్కపెట్టెల్లో గడ్డి వేసి సర్ది, గూడ్సుకు ఎక్కించి పంపేవారు. కొన్నేళ్లు నేనక్కడ గుమాస్తాగా ఉన్నాను. పెట్టెలన్నీ హమాలీల వీపుల మీదే వ్యాగన్ చేరేవి. ఒక వేసవిలో హమాలీ మేస్త్రి నడుము పట్టేసి వ్యాగన్ తలుపు దగ్గరే కూలబడ్డాడు.

ఆనాటి నుంచి పెదనాయనకు మనసు మనసులో లేదు. బరువులెత్తే యంత్రాలు దొరుకుతాయని విని చెన్నపట్నం రైలెక్కారు. తిరిగొచ్చాక ఉన్న కాస్త నిలకడా పోయింది. అక్కడ రెండు రకాలు చూశారట. ఒకటి నిలువెత్తుది, పిడి తిప్పితే గొలుసు లాగి పెట్టెను మనిషి తలకన్నా పైకి లేపుతుంది. రెండోది పొట్టి బండి; పెట్టె కింద దూర్చి పిడి నొక్కితే నేల నుంచి కాస్త లేపుతుంది, ఆపైన తోసుకుపోవాలి. దుకాణదారు పొడుగుదాన్నే పొగిడాడట. పెదనాయన తాడు పట్టుకుని గుమ్మం, వ్యాగన్ తలుపు, ప్లాట్‌ఫారం వాలు కొలిచిందే కొలుస్తూ తిరిగారు.

ఈలోగా హమాలీలు ఆయనతో మాట్లాడటం మానేశారు. ఒక సాయంత్రం మేస్త్రి నడుముకు గుడ్డ కట్టుకుని వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు.

"యంత్రం వస్తే మేమేం గావాల అన్నా?"

పెదనాయన నడక ఆగింది. "దాని పిడి పట్టేది మీరే తమ్ముడా. ఒక్కర్ని గూడా పొమ్మనను."

మేస్త్రి తలూపి వెళ్లిపోయాడు. నమ్మినట్టు లేదు.

దుకాణం వాళ్లు పొడుగుదాన్ని పరీక్షకని పంపారు. గోడౌనులో చక్కగానే తిరిగింది. పెట్టెలు పైకెత్తి ప్లాట్‌ఫారం వాలు ఎక్కిస్తుంటే చక్రం రాళ్ల సందులో పడింది. యంత్రం మొత్తం పక్కకు వాలింది. దాని కింద మేస్త్రి ఉన్నాడు. పెదనాయన భుజంతో అతన్ని అవతలికి నెట్టేశారు. పెట్టె ఆయన పాదం మీద పడింది. లోపలి పలకలు పగిలిన చప్పుడు నాకింకా వినిపిస్తుంది.

ఆసుపత్రిలో రెండు కాలివేళ్లు తీసేశారు. మంచం మీద ఉండలేక, పట్టె మీద చేతివేళ్లతో కొడుతూ, చూడవచ్చిన మేస్త్రితో అన్నారు: "ప్లాట్‌ఫారమూ వ్యాగనూ ఒకే ఎత్తు గదా. మధ్యలో ఇనుపరేకు వేస్తే చాలు. మనకు కావాల్సింది ఎత్తేది గాదు, మోయకుండా తోసేది. యంత్రాన్ని జూసి మురిసినాను గానీ, అది తిరిగే నేలను మరిసినాను."

పొడుగుది వెనక్కి పోయింది. పెద్ద చక్రాల పొట్టి బండి వచ్చింది. మొదటి పెట్టెను మేస్త్రే తోశాడు. ఎవరి పనీ పోలేదు. పెదనాయన మాత్రం కుంటుకుంటూ బండి ముందూ వెనకా తిరుగుతూ, మెల్లగా, మెల్లగా అంటూ అందరినీ విసిగించేవారు. ఆ విసుగు ఈ రెండు రోజులుగా ఎంత వెలితిగా ఉందో చెప్పలేను.

మొన్న మధ్యాహ్నం పాడెను హమాలీలే మోశారు. నీ నడుము మంచిది కాదు, వద్దని మేస్త్రికి ఎంత చెప్పినా వినలేదు. దహనం అయ్యి స్నానాలు చేస్తుండగా గూడ్సు కూత వినిపించింది. ఆ రోజు పంపాల్సిన పెట్టెలు గోడౌనులోనే ఉన్నాయి, గూడ్సు మా కోసం ఆగదు. ఎవరూ ఎవరికీ చెప్పలేదు. అందరూ స్టేషనుకు నడిచారు. బండి తోయడానికి నేనూ ఒక చెయ్యి వేశాను. పెట్టెలు ఎక్కాయి, గూడ్సు కదిలిపోయింది. తడి పంచెలతో నడిచిన ఆ మనుషుల అడుగుజాడలు ప్లాట్‌ఫారం రాళ్ల మీద కాసేపు కనిపించి, ఎండకు ఒక్కొక్కటే ఆరిపోయాయి.