బీరువా వెనక గోడ

ఆమెకు కన్నవాళ్లు పెట్టిన పేరు ఒకటి ఉండే ఉంటుంది. వీధిలో ఎవరికీ అది గుర్తులేదు. బడిలో ఆయాగా చేరిన నాటి నుంచి గంట కొట్టేది ఆమే కాబట్టి పిల్లలు గంటమ్మ అన్నారు, వాళ్లను చూసి పెద్దలు అన్నారు, చివరికి కట్టుకున్నవాడు కూడా అదే పిలుపు అందుకున్నాడు. ఆమె ఏమీ అనుకోలేదు. అనుకున్నా పైకి తేలనివ్వలేదు. పైకి తేలనివ్వకపోవడమే ఆమె బతుకంతా చేసిన పని.

దానికి కారణం తోడికోడలు. గంటమ్మ కాపురానికొచ్చిన కొత్తలో ఆవిడ చుట్టపుచూపుగా వచ్చి, మంచినీళ్ల వంకతో వంటింట్లోకి వెళ్లి, బోర్లించి ఉన్న బియ్యపు డబ్బా చూసింది. చూసి ఊరుకుంటే బాగుండేది. వారం తిరక్కుండానే వాళ్లింట్లో పొయ్యి వెలగడం లేదన్న కబురు చుట్టాలందరి చెవినా పడింది. గంటమ్మకు తల కొట్టేసినట్టయింది. మర్నాడే గుమ్మానికి పువ్వుల తెర కట్టింది. ఆ తర్వాత ఎవరొచ్చినా అరుగు మీదే కుర్చీ వేసేది, టీ అక్కడికే తెచ్చేది, నవ్వు ముఖంతో సాగనంపేది. లోపల గచ్చు లేచిపోయింది, గోడకు చెమ్మ దిగి సున్నం పెచ్చులుగా ఊడింది. తెర ఎప్పుడైనా గాలికి లేస్తే ఆ గోడ కనబడకూడదని దానికి అడ్డంగా ఇనప బీరువా నిలబెట్టింది. ఆ బీరువాలో దాచడానికి పెద్దగా ఏమీ లేదు, దాని వెనక దాచడానికే ఉంది.

అలాంటి మనిషి చేతిలో పడింది బడి పరువు.

బడి అంటే రోడ్డు పక్కన ఒక పాత గోదాము. పొడుగాటి ఒకే గది, పైన రేకులు, పాఠం చెప్పడానికి పెద్ద టీచరమ్మ ఒక్కతే. పిల్లలు గోనెపట్టాల మీద కూర్చునేవారు. వెనక గోడ పైనుంచి కింది దాకా బీటలు వారింది. నిరుడు వానలకు ఆ బీట ఇంకా నోరు తెరిచింది, లోపలికి చెయ్యి దూర్చొచ్చు. అటు పక్క ఎవరినీ కూర్చోనిచ్చేవారు కాదు. పైవాళ్లకు చెబితే గదికి తాళం పడుతుంది. ఇంకో బడి పెద్ద రోడ్డుకు అవతల ఉంది, లారీల మధ్య దాటుకుంటూ వెళ్లాలి. ఆడపిల్లలను అంత దూరం ఎవరూ పంపరు. అందుకని టీచరమ్మా ఆయమ్మా ఇద్దరూ ఆ బీట సంగతి నోరు కట్టేసుకుని దాచారు.

ఇంతలో ఒక టైర్ల కంపెనీ వాళ్లు వస్తున్నారని కబురొచ్చింది. తమ లాభాల్లో కొంత తీసి, ఏమీ లేని చోట ఏటా ఒక బడి కట్టిస్తారట. ఈసారి మూడు బళ్లు చూసి ఒకటి ఎంచుకుంటారట. గంటమ్మ మొగుడికి పంక్చర్ల దుకాణం. కబురు విని పకపకా నవ్వాడు.

"ఇన్నాళ్లూ వాళ్ల టైర్లు పగిలితేనే మన పొయ్యి వెలిగింది. ఇప్పుడు మన బడి కూడా వాళ్లే నిలబెడతారన్నమాట."

గంటమ్మకు నవ్వే తీరిక లేదు. వచ్చేవాళ్లు పెద్దవాళ్లు, బడి చూస్తే ముక్కు మీద వేలేసుకుంటారు, ఏం మనుషులురా వీళ్లు అనుకుంటారు. ఆ ఊహకే ఆమెకు ఒళ్లు కుంచించుకుపోయింది. చెంగు నడుముకు చుట్టి వీధిలోకి దిగింది. టీ హోటల్ నుంచి బెంచీలు తెచ్చింది, ఆ రోజు అక్కడి బేరాలన్నీ నిలబడే టీ తాగాయి. సెలూన్ నుంచి ఫ్యాను వచ్చింది, కరెంటు లేకపోయినా పైన వేలాడితే అందమే కదా. టైలరు గోడగడియారం ఇచ్చాడు. పిల్లలకు తల దువ్వించి, చెప్పుల్లేనివాళ్లకు ఉన్నవాళ్ల చేత ఇప్పించింది. ఇక మిగిలింది వెనక గోడ. దానికీ ఆమె దగ్గర మందుంది. మొగుడి చేత ఇంట్లో బీరువాను అరుగు దాకా ఈడ్పించి, అక్కడి నుంచి హోటలాయన సాయంతో మోయించి తెచ్చి, ఆ బీటకు అడ్డంగా ఆనించింది.

టీచరమ్మ కాస్త జంకింది. "గంటమ్మా, అంత బరువు ఆ గోడకు ఆనించడం మంచిదేనా?"

"ఒక్క పూట టీచరమ్మా. వాళ్లిలా వెళ్లగానే అలా లాగేస్తాం."

కంపెనీ నుంచి ఇద్దరొచ్చారు, కళ్లజోడు మేడమ్ ఒకావిడ, ఇంజనీరు ఒకాయన. గది బెంచీలతో కిక్కిరిసిపోవడంతో ఆఖరి వరస పిల్లలు బీరువాకు వీపులు ఆనించి కూర్చోవలసి వచ్చింది. ఆ చివర టైలరు కూతురు, పక్కన హోటలాయన మనవరాళ్లు. అది చూసి గంటమ్మ రెండడుగులు ముందుకేసి ఆగిపోయింది. అంతా సర్దిన మనిషి అదొక్కటీ ఊహించలేదు. ఇప్పుడు లేపితే ఎందుకు లేపావంటారు. తలుపు దగ్గర గంట పక్కన నిలబడి కళ్లు ఆ బీరువా మీదే పెట్టుకుంది.

మేడమ్ మంచావిడే. పిల్లలతో లెక్కలు చెప్పించుకుంది, మెచ్చుకుంది. బెంచీలు చూసింది, ఫ్యాను చూసింది, గడియారం చూసి తన చేతి గడియారంతో సరిచూసుకుంది కూడా. టీచరమ్మ ముఖం వెలిగిపోయింది. ఆ తర్వాత మేడమ్ తలుపు దగ్గరికి వచ్చి ఇంజనీరుతో మెల్లగా మాట్లాడింది. ఆయాకు ఏం అర్థమవుతుందిలే అనుకుందో, అక్కడ మనిషి ఉన్నట్టే గమనించలేదో.

"వీళ్లకు అన్నీ ఉన్నాయి కదండీ. మిగతా రెండు చోట్లా పిల్లలు నేల మీదే ఉన్నారు. వాళ్లలో ఒకరికి ఇద్దాం."

ప్రతి మాటా గంటమ్మ చెవిన పడింది. ఎవరు పాడుచేశారు ఈ పని? తనే. హోటల్ బెంచీలు, సెలూన్ ఫ్యాను, అన్నీ తనే ఇల్లిల్లూ తిరిగి తెచ్చి ఈ బడి నోట్లో మట్టి కొట్టింది. నోరు తెరిచి చెప్పాలి. కానీ ఏమని? ఇవేవీ మావి కావు, మిమ్మల్ని మోసం చేశామని చెప్పాలా? ఆ మాటకు ఆమె నాలుక తిరగలేదు. ఇన్నేళ్లుగా తిరగని నాలుక అంత తొందరగా ఎలా తిరుగుతుంది?

అప్పుడే రోడ్డు మీద లోడు లారీ ఒకటి పోయింది. గది అదిరింది. అది రోజూ ఉండేదే, ఎవరూ పట్టించుకోలేదు. బీరువా వెనక నుంచి మాత్రం సన్నని చప్పుడు వినిపించింది, మట్టి జారుతున్న చప్పుడు. లారీ దాటిపోయింది, చప్పుడు ఆగలేదు. టైలరు కూతురి జడ మీద ఎర్రటి దుమ్ము రాలింది. ఆ పిల్ల తల దులుపుకుని మళ్లీ పలక మీదికి వంగింది.

గంటమ్మ గంట కొట్టేసింది.

వేళకాని వేళ గంట. అయినా పిల్లలకు గంట అంటే గంటే. పలకలు ఎక్కడివక్కడ వదిలేసి గోలగోలగా బయటికి పరిగెత్తారు. టీచరమ్మ తెల్లబోయింది. ఆఖరి పిల్ల గడప దాటేదాకా గంటమ్మ చెయ్యి ఆపలేదు.

"ఏంటమ్మా ఇది?" అన్నాడు ఇంజనీరు.

"ఆ బీరువా మాది బాబూ. మా ఇంటి నుంచి తెచ్చిపెట్టాను. ఒక చెయ్యి వేస్తే పక్కకు లాగుదాం, మీరు చూడాలి."

గుమ్మంలో నిలబడి ఉన్న మొగుడు వచ్చి ఒక పక్క పట్టుకున్నాడు, ఇంజనీరు ఒక పక్క. బీరువా కదిలింది. పైనుంచి ఒక పెళ్ల ఊడి, కాసేపటి క్రితం పిల్లలు కూర్చున్న చోట పడింది. గోడలో బీట పైనుంచి కింది దాకా తెరుచుకుని ఉంది, అందులోంచి అవతలి తుమ్మచెట్టు కనబడుతోంది. గంటమ్మే మాట్లాడింది. బెంచీలు ఎవరివో, ఫ్యాను ఎవరిదో, పిల్లల కాళ్లకున్న చెప్పులు ఎవరివో ఒక్కొక్కటే చెప్పేసింది. అందరి ముందూ చెబుతుంటే సిగ్గుతో చచ్చిపోయింది, అయినా ఆపలేదు.

ఇంజనీరు గోడ తడిమి చూసి, ఈ గదిలో ఇక ఒక్క పిల్లను కూడా కూర్చోబెట్టడానికి వీల్లేదన్నాడు. మేడమ్ ఆ పెళ్ల పడ్డ చోటికి వెళ్లి, పక్కనే ఉన్న పలక ఒకటి తీసి దుమ్ము తుడిచింది.

"దీనికి కాక ఇంక దేనికి ఇస్తాం?" అంది చివరికి. "కానీ మాదొక పద్ధతి ఉంది. నడుస్తున్న బడికే కట్టిస్తాం. ఒకచోట ఇలాగే మూసేసిన బడికి కట్టించాం. మేం కట్టేలోగా పిల్లలు తలోదిక్కూ పోయారు, ఇప్పుడందులో ఎవరో గడ్డి వేసుకుంటున్నారు. రేపటి నుంచి వీళ్లను ఎక్కడ కూర్చోబెడతారు?"

వేళకాని గంట విని బయట పోగైన తల్లిదండ్రుల వంక చూసింది టీచరమ్మ. వాళ్లు ఒకరినొకరు చూసుకున్నారు. అందరివీ నలుగురు పడుకుంటే కాళ్లు బయటికొచ్చే ఇళ్లే. ఒక్క ఇంట్లోనే ముందుగది పొడుగ్గా ఉంటుంది. టైర్లు పెట్టుకోవడానికని పంక్చర్లాయన ఎప్పుడో కట్టించుకున్న గది. అది ఎలా ఉంటుందో మాత్రం బయటివాళ్లు ఎవరూ ఎరగరు. మొగుడు పెళ్లాం వంక చూడకుండా తల వంచుకున్నాడు. ఆ మాట ఆమె అనాల్సిందే గానీ తను అనకూడదని అతనికి తెలుసు.

"మా ఇల్లుంది," అంది గంటమ్మ.

ఇంజనీరు ముందు ఆ గోడలు కూడా చూడాలన్నాడు. చూడకుండా ఎలా ఒప్పుకుంటాడు? అంతా బయల్దేరారు. దారి పొడుగునా గంటమ్మ కాళ్లు వెనక్కి లాగుతూనే ఉన్నాయి. అరుగు మీద కుర్చీ దాని చోట అది ఉంది. గుమ్మం దగ్గర ఒక్క క్షణం ఆగింది. వెనక మేడమ్, ఇంజనీరు, టీచరమ్మ, టైలరు, హోటలాయన, వీధి వీధంతా. తెర పక్కకు తొలగిస్తే సరిపోయేది. ఆమె మేకుతో సహా ఊడబీకి చంకలో పెట్టుకుంది.

"చూసి అడుగెయ్యండి. మధ్యలో గచ్చు లేచిపోయింది," అంది.

అందరూ లోపలికొచ్చారు. బీరువా లేని గోడ ఆమెకే కొత్తగా కనబడింది, చెమ్మ ముదిరి నిలువునా నల్లబడి ఉంది. ఇంజనీరు దాని మీద పిడికిలితో కొట్టి చూశాడు, మూలలన్నీ తిరిగాడు, రేకుల కింది కర్రలు ఊపి చూశాడు. అంతసేపూ గంటమ్మ తెర గుడ్డను గుండెలకు హత్తుకుని నిలబడింది.

"చెమ్మే. గోడలు గట్టివి," అన్నాడు ఆయన. "ఏ భయమూ లేదు."

మేడమ్ తల ఊపింది. బడి ఇక్కడే నడిపించండి, అక్కడ పాతది పడగొట్టించే ఏర్పాట్లు మేం మొదలుపెడతామంది. టీచరమ్మ గంటమ్మ భుజం పట్టుకుని ఏడ్చేసింది. మొగుడు హుషారుగా గదంతా కలియచూసి, నల్లబల్ల ఎక్కడ తగిలించాలో తేల్చేశాడు.

"ఆ చెమ్మ గోడకు కొట్టేద్దాం. గోడా కనబడదు, పనీ అవుతుంది."

"అక్కడొద్దు. చెమ్మకు బల్ల పాడైపోతుంది," అంది గంటమ్మ. "ఇటు వెలుతురున్న గోడకు కొట్టు. దాన్ని అలాగే ఉండనియ్యి."