అర్ధవీడు దాయాదులు

మా ఇంటిపేరు చివర ‘ళ్ల’ అని రాస్తాం. మార్కాపురంలో పాత పొలం కాగితాలు చూస్తున్నప్పుడు మా ముత్తాత పేరు ముందు అదే ఇంటిపేరు ‘ండ్ల’తో కనిపించింది. తర్వాత ఎవరి రాతలోనో మారిపోయి, మాకు ఆ కొత్త రాతే నిలిచిపోయింది. పాత రాతతో ఉన్న ఇళ్లు అర్ధవీడులో ఇంకా ఉన్నాయని విని నాయనా నేనూ వెళ్లాం.

గొర్రెల దొడ్డి పక్కన మంచం మీద కూర్చున్న ఆ ఇంటి ముసలాయన మేం తీసుకెళ్లిన పొలం కాగితం వైపు చూడనేలేదు.

“మీ ఇలవేల్పు ఎవురు?” అని మాత్రం అడిగాడు.

నాయన చెప్పగానే ఆయన ముఖం విప్పారింది.

“మాకూ ఆ దేవరే! కరువులో ఒక అన్న ఊరిడిచి పోయినాడని మా నాయన చెప్పేవాడు. మీరు ఆయన బిడ్డలన్నమాట. లేయండి, అన్నం తిందాం.”

నాయన ఆయన్ను పెదనాయనా అని పిలిచాడు.

మరుసటి నెలలో ఆయన పోయాడని ఫోన్ వచ్చింది. ఆ వారమే గిద్దలూరులో మా తమ్ముడి గృహప్రవేశం.

“మనకూ మైలే. ముహూర్తం మార్చుకో” అన్నాడు నాయన.

“ఒక్కసారి చూసినాయనకు మైలేంది నాయనా? కార్డులు కూడా పంచినాం” అన్నాడు తమ్ముడు.

“పెదనాయనా అని పిలిచి ఆయనింట్లో అన్నం తిన్నా. ఇప్పుడు కాదంటే ఎట్ల?”

తమ్ముడు ముభావంగా తిరిగాడు. చివరికి తనే అందరికీ ఫోన్లు చేసి ముహూర్తం మారిందని చెప్పాడు. కర్మలకు ముగ్గురం వెళ్లాం.

తర్వాత కొత్తింట్లో పాలు పొంగిస్తుంటే, ముసలాయన కొడుకులు ఆటోలో పొట్టేలును ఎక్కించుకుని వచ్చారు. “రాండి అన్నా” అంటూ తమ్ముడే ఎదురెళ్లి దాన్ని దించాడు.