కొండ, కట్ట, గోడ, వాకిలి

ఆ రోజుల్లో అరకు చూడటానికి వచ్చేవాళ్ళు ఏం చూసి అంత మురిసిపోయేవారో మాకు అర్థమయ్యేది కాదు. కొండలు మేము నీళ్ళకు వెళ్ళినా కనిపించేవే, మంచు కళ్ళకు అడ్డం పడేదే. వాళ్ళు మాత్రం రైలు దిగగానే వాటినే ఫొటో తీసుకునేవారు. ఇప్పుడు ఆలోచిస్తే, రోజూ చూసేదాని మీద ఇష్టం పుట్టడం కష్టమేమో అనిపిస్తుంది. కొత్తదాని మీద అయితే ఎప్పుడు పుడుతుందో మనకే తెలియదు. టౌనుల్లో పాటకు తగ్గట్టు కాలు వేసే డాన్సు మిషన్ల దగ్గర పిల్లలు బారులు తీరి నిలబడటం చూసినప్పుడల్లా, వీళ్ళకు ఈ పిచ్చి మొదట ఎక్కడ అంటుకుందో అడగాలనిపిస్తుంది. నా సంగతి అడిగితే చెప్పగలను. నాకది చీపురు పట్టుకున్న చేతిలో అంటుకుంది.

అప్పటికి నాకు ఇరవై దాటి ఉంటాయి. అనంతగిరి పైన మా ఊరు. పని కోసం అరకులో మా వదిన ఇంట్లో ఉండేదాన్ని. వదిన టూరిస్టుల ముందు మా కొండవాళ్ళ నాట్యం థింసా ఆడే జట్టులో ఆడేది. ఆ జట్టుకు ఆమే తల, అంటే వరసలో ముందు నిలబడి మిగతా ఆడవాళ్ళందరినీ నడిపించే మనిషి. (ఇంట్లో కూడా అంతే. మా అన్నయ్య వరసలో చివర ఉండేవాడు.) నాకు స్టేషనుకు దగ్గరలో ఉన్న ఆటల షెడ్డులో తుడిచే పని దొరికింది. ఆ షెడ్డు యజమాని మైదానం నుంచి వచ్చినాయన. మొదట సంతలో సబ్బులు, అద్దాలు అమ్మి, తరవాత ఈ షెడ్డు పెట్టాడు. ఆటకు టోకెన్లు అమ్ముతాడని అందరూ ఆయన్ని టోకెన్ షావుకారు అనేవారు. షెడ్డులో ఒక కారు మిషను, ఒక తుపాకీ మిషను, పాప్‌కార్న్ బండి ఉండేవి. ఒక వానాకాలం మొదట్లో విశాఖపట్నం నుంచి లారీ మీద డాన్సు మిషను దిగింది.

అది బీరువా కంటే పెద్దది. ముందు రెండు ఇనప పీటలు పక్కపక్కనే. ఒక్కో పీట మీద నాలుగు బాణాలు, ముందుకొకటి, వెనక్కొకటి, ఆ పక్కకొకటి, ఈ పక్కకొకటి. ఎదురుగా తెర మీద బాణాలు పైకి పాకుతూ వస్తాయి. అవి పైగీతను తాకే వేళకు, పాట దెబ్బకు సరిగ్గా, కాలి కింద అదే బాణాన్ని తొక్కాలి. ఆట అంతే. షావుకారు దానికి పసుపు రాసి, కుంకుమ పెట్టి, నిమ్మకాయ తొక్కించి, చెప్పులు విడిచి ఎక్కాలని ఒక బోర్డు రాయించాడు. దాంతో నేను చాలా రోజులు దానికి దండం పెట్టాకే తుడిచేదాన్ని. తుపాకీ మిషనుకు మాత్రం పెట్టేదాన్ని కాదు.

ఎవరూ ఆడని వేళ కూడా ఆ మిషను జనాన్ని పిలవడానికి తనంతట తాను ఒక పాట వాయించుకునేది. నేను తుడుస్తుంటే చీపురు ఆ పాటకు పడటం మొదలుపెట్టింది. మొదట నేను గమనించలేదు. షావుకారు గమనించాడు.

"ఏటమ్మా, తుడుత్తన్నావా, వాయిత్తన్నావా? సెత్త ఉన్నకాడ వొదిలీసి లేనికాడ తుడుత్తన్నావు."

నిజమే. దెబ్బ పడినచోట తుడిచాను గాని చెత్త ఉన్నచోట కాదు.

తరవాత కొన్నాళ్ళకు కాలేజీ పిల్లలు రైల్లో వచ్చారు. వాళ్ళలో ఒకమ్మాయి జడ ముడి వేసుకుని మిషనెక్కి ఆడితే షెడ్డంతా ఆగి చూసింది. నేను తడిగుడ్డ పట్టుకుని అలాగే నిలబడ్డాను. ఆట అయ్యాక ఆమె మళ్ళీ కాళ్ళతోనే ఏవో అక్షరాలు తిప్పి ఒక్కొక్కటీ తొక్కింది. తెర మీద ఒక పట్టీ వచ్చింది.

"ఏటమ్మా అది?" అని అడిగాను.

"బాగా ఆడినవాళ్ళ పేర్లు అక్కా. నా పేరు రెండోది, చూడండి. ఎవరైనా నన్ను దాటేదాకా అక్కడే ఉంటుంది."

"మీరు ఊరెల్పోయినా ఉంటాదా?"

"ఉంటుంది."

ఆ మాట నన్ను పట్టుకుంది. అప్పటిదాకా నా పేరు ఎక్కడైనా ఉందా అంటే రేషన్ కార్డులో ఉందనేవారు. అందులో ఏ గీతలు నావో ఎవరూ వేలు పెట్టి చూపించలేదు. నేను ఎక్కడికెళ్ళినా వేలిముద్రే నాకు ముందు వెళ్ళేది. ఇక్కడేమో ఒక అమ్మాయి కాళ్ళతో తన పేరు పెట్టి, రైలెక్కి వెళ్ళిపోయింది. ఆ పేరు మాత్రం అలా వెలుగుతూనే ఉంది. నా పేరు కూడా ఆ పట్టీలో వెలగాలని ఆ రోజే అనుకున్నాను. ఇంత పెద్ద కోరిక నాకు అంతకుముందు చలికాలంలో నాకంటూ ఒక దుప్పటి ఉండాలన్న విషయంలో తప్ప కలగలేదు.

వీలు కూడా చేతిలోనే ఉంది. పొద్దున షెడ్డు తెరిచాక మిషన్లు పనిచేస్తున్నాయో లేదో చూడటం నా వంతు. డాన్సు మిషను వెనక చిన్న తలుపులో ఎర్ర మీట ఉండేది. అది నొక్కితే టోకెన్ లేకుండా ఒక ఆట. బాణాలన్నీ వెలుగుతున్నాయో లేదో చూడమని షావుకారే చెప్పాడు. ఎలా చూడాలో చెప్పలేదు కాబట్టి నేను ఎక్కి చూశాను.

థింసా పుట్టినప్పటి నుంచి ఆడినదాన్ని, నాకిదేం లెక్క అనుకున్నాను. పాట మొదలైంది. నాలుగడుగులు వేశాను. చూసుకుంటే మిషను అక్కడే ఉంది, నేను పాప్‌కార్న్ బండి దగ్గర ఉన్నాను. థింసాలో ఒకచోట నిలబడి ఆడటం ఉండదు కదా, వరస కదులుతూనే ఉంటుంది. పరుగెత్తుకొచ్చి మళ్ళీ ఎక్కాను. మళ్ళీ బండి దగ్గర తేలాను. మూడోసారి పీట వెనకున్న కమ్మీని రెండు చేతులా పట్టుకుని, కదలకుండా అయితే నిలబడ్డాను గాని కాలు పడలేదు. మా వరసలో చేతులు వెనకనుంచి ఒకరి నడుము చుట్టూ ఒకరం వేసుకుంటాం. పక్కమనిషి కాలు ఎత్తబోతోందని చెవి కంటే ముందు ఆ చేతికి తెలుస్తుంది. పక్కన మనిషి లేకపోతే నా కాలికి ఏమీ తెలియదని ఆ రోజే నాకు తెలిసింది. పక్కమనిషి కోసం చూసి, ఎవరూ లేరని గుర్తొచ్చి, అప్పుడు తొక్కేదాన్ని. ఈలోగా నాలుగు బాణాలు ఎగిరిపోయేవి. చివర తెరనిండా ఒక ఎర్రటి పెద్ద అక్షరం వచ్చింది. ఎంత అందంగా ఉందో. సాయంత్రం వదినకు చెప్పాను, నాకు ఎర్రది ఇచ్చిందని.

అది ఓడినవాళ్ళకు ఇచ్చేదని ఒక టూరిస్టు చెప్పేదాకా, దాదాపు వారం రోజులు, రోజూ ఎర్రది తెచ్చుకుని సంతోషించాను.

చివరికి వదినను బతిమాలాను.

"మిసను మీద థింసానా? నీకు మతి గాని పోనాదేటే గుంటా?" అంది.

"ఒక్క పాలి రా వొదినా. నువ్వు పక్కన నిలబడితే సాలు."

"మరి డప్పు ఎవులు కొడతారు?"

"అదే కొట్టుకుంటాది."

"డప్పూ అదే, ఆటా అదే అయితే మనమెందుకేటి మద్దిన?" అంది గాని, మర్నాడు వచ్చింది. రెండో పీట ఎక్కి, నా వెనకనుంచి చెయ్యి వేసి నడుము పట్టుకుంది. నేనూ ఆమె నడుము పట్టుకున్నాను. ఆమె చెయ్యి పడగానే నా కాలికి ప్రాణం వచ్చింది. నేను బండివైపు జారబోతే ఒక్క గుంజు గుంజి వెనక్కి తెచ్చేది.

అయితే వదినకు ఆ బాణాల మీద చూపు నిలిచేది కాదు, కళ్ళు తిరుగుతున్నాయనేది. కాబట్టి చూపు నాది, తాళం ఆమెది అని పంచుకున్నాం. నేను చూసి చెప్పాలి, ఆమె నడిపించాలి. కుడి, ఎడమ అంటే ఇద్దరికీ తడబాటే. అందుకని షెడ్డు బయట ఏ పక్క ఏముందో ఆ పేరు పెట్టాం. ఎడమవైపుది కొండ. కుడివైపుది రైలుకట్ట, పొట్టిగా కట్ట. ముందుది గోడ, వెనకది వాకిలి. పాట మొదలవగానే నేను "కొండ, కొండ, కట్ట, గోడ, కొండ, వాకిలి" అంటూ ఉంటే వదిన "ఊఁ, ఊఁ" అంటూ నడుము నొక్కేది. ఆ వానాకాలమంతా ఒకే పాటకు ఆడాం. (పాట నచ్చి కాదు. మార్చడం ఎలాగో తెలియక.) అన్నం వండుతున్నా నా నోట్లో కొండా కట్టా తిరుగుతుండేవి. మా అన్నయ్య ఒకరోజు, "ఈ ఇంట్లో ఎవులైనా మామూలుగా నడుత్తారా?" అని అడిగాడు.

వానలు వెనకబట్టే రోజుల్లో ఒక పొద్దున అది జరిగింది. మొదటి నుంచి చివరిదాకా ఒక్క బాణం కూడా తప్పలేదు. పాట ఆగింది. ఎర్రది రాలేదు. తెరంతా పసుపు రంగులో మెరిసి, అక్షరాల వరస వచ్చింది. ఆ పక్కనే పది అని పడింది. తరవాత తొమ్మిది. అంకెలు నాకు వచ్చు, సంతలో తూకం చూసేవాళ్ళకు అవి రాకపోతే కుదరదు.

"వొదినా, పేరడుగుతంది," అన్నాను.

"అయితే సెప్పు."

"సెప్పడం కాదు, తొక్కాల."

"తొక్కు మరి. బేగి తొక్కే."

కట్ట తొక్కాను. అక్షరం మారింది. మళ్ళీ తొక్కాను. ఇంకోటి వచ్చింది. ఒకటి సున్నాలా ఉంది, ఒకటి నిచ్చెనలా ఉంది. అన్నీ బాగున్నాయి. ఏది నాదో తెలియలేదు. అంకె ఐదుకొచ్చింది.

"నీ పేరు ఏదే అందులో?"

"నాకేటి తెలుసు వొదినా?"

"నీ పేరు నీకు తెలీదేటే?"

ఆమె ఎగతాళికి అనలేదు, కంగారులో అంది. అయినా ఆ మాటకు నా కాళ్ళు ఆగిపోయాయి. పెనుగులాడి మొదటి అక్షరం దగ్గరికి తిరిగొచ్చేసరికి సున్నా పడింది. మిషను ఇక ఆగలేక తానే మూడు అక్షరాలు పెట్టేసుకుంది. మూడూ ఒకటే. రెండు పక్కలా వాలిన కప్పు, మధ్యలో అటక, అచ్చం పాకలాగా. పట్టీలో అందరికంటే పైన మూడు పాకలు వెలిగాయి.

వదిన చాలాసేపు చూసింది. "పోనీలేవే. మనూరేమో అనుకుందాం," అంది.

ఆ రోజు రైలు వచ్చే వేళకు షావుకారు పట్టీ చూశాడు. ఎవడో ఏ-ఏ-ఏ అట, నిన్న వచ్చిన టూరిస్టుల్లో ఉండి ఉంటాడని తేల్చాడు. ఆపైన వచ్చినవాళ్ళందరికీ, "ఏఏఏ బాబుని దాటండి సూద్దాం" అని చెప్పి టోకెన్లు అమ్మడం మొదలుపెట్టాడు. అది విని జనం ఎగబడ్డారు. కొందరు ఆ ఏఏఏ బాబు నడిచి వెళ్తుంటే చూశామని కూడా అన్నారు. నేను పక్కనే తుడుస్తూ ఉండేదాన్ని. నేనేనని చెప్పాలని నోటిదాకా వచ్చేది. చెబితే, మరి నీ పేరు ఎందుకు పెట్టలేదని అడుగుతారు. అందుకని తుడిచాను. వదిన ఒక్కతే, ఆ దారిన పోయినప్పుడల్లా తల లోపలికి పెట్టి, "బాబు గారు బాగున్నారా?" అని నన్ను అడిగి పోయేది.

ఆ మరుసటి వానలకు రేకు కారి నీళ్ళు దిగి మిషను మూగబోయింది. లారీ వచ్చి తీసుకుపోయింది. ఏఏఏ బాబును చివరిదాకా ఎవరూ దాటలేదు.

చదువు నాకు నలభై దాటాక, మా ఆడవాళ్ళ సంఘంలో వచ్చింది. మొదటిరోజు పంతులమ్మ పలక ఇచ్చి, ఏమైనా వచ్చా అంటే మూడు పాకలు గీసి చూపించాను. ఆమె ఆశ్చర్యపోయి, "ఇంగ్లీషు ఎక్కడ నేర్చుకున్నావమ్మా?" అంది. షెడ్డులో అన్నాను. ముందు తెలుగు నేర్చుకుందాం అని నవ్వి, నా పేరు పలక మీద రాసి ఇచ్చింది. అది రాయడం వచ్చిన రోజు ఇంటికెళ్ళి రేషన్ కార్డు తీసి చూశాను. పేరు అక్కడే ఉంది. అన్నాళ్ళూ ఉంది.

ఈమధ్య విశాఖపట్నంలో మా అమ్మాయి నన్ను ఒక పెద్ద షాపింగ్ మాల్‌కు తీసుకెళ్ళింది. పై అంతస్తులో డాన్సు మిషను ఉంది, పాతదానికంటే సన్నం, మెరుపు ఎక్కువ. కుంకుమ లేదు. మా అమ్మాయి వద్దంటున్నా చెప్పులు విడిచి ఎక్కాను. దాన్ని పక్క పీట ఎక్కించి నడుము పట్టుకోమన్నాను. అది సిగ్గుపడి చున్నీ పట్టుకుంది. నేను "కొండ, కట్ట" అన్నాను. అక్కడ కొండా లేదు, కట్టా లేదు, ఒక పక్క చెప్పుల కొట్టు, ఇంకో పక్క ఐస్‌క్రీం. మోకాళ్ళు పాటకు రెండడుగులు వెనక వచ్చాయి. చివర తెరనిండా ఎర్రటి అక్షరం పడింది. ఈసారి అది చదవడం వచ్చు కాబట్టి బాధపడ్డాను. చదువు లేని రోజుల్లో అయితే వారం రోజుల సంతోషం.

"దిగమ్మా, ఎనకాల లైనుంది," అంది మా అమ్మాయి.

దిగాను. ఓడినవాళ్ళను మిషను పేరు అడగదు. అడిగినా దానికి తెలుగు రాదు, అది దాని లోటు. అయినా చెప్పులు వేసుకుంటూ మనసులో పది నుంచి వెనక్కి లెక్కపెట్టుకుని, వేలితో చీర కుచ్చెళ్ళ మీద నా పేరు రాసుకున్నాను. గుడి, దీర్ఘం ఏదీ వదలకుండా మొత్తం రాశాను. రాయడం అయిపోయేసరికి ఇంకా మూడు అంకెలు మిగిలాయి.