రబ్బరుతో చెరిపిన మాట

కిరండుల్ ప్యాసింజర్‌లో నా ఒళ్ళో కంప్యూటర్‌కి ఆదేశాలు రాయడం నేర్పే షెల్ స్క్రిప్టింగ్ పుస్తకం ఉంది. జగదల్‌పూర్ లైబ్రరీలో దాన్ని తీసుకున్నది నేనొక్కణ్ణేనని గర్వం. మర్నాడే గని ఆఫీసులో ఉద్యోగానికి పరీక్ష. వ్యాగన్ నంబర్లు వరసలో పెట్టమంటే, నేను రాసిన ఆదేశాల స్క్రిప్టు ఒకటి తర్వాత పది, ఆ తర్వాతే రెండు చూపిస్తోంది. పుస్తకమంతా వెతికినా జవాబు దొరకలేదు.

ఎదురుగా టిఫిన్ క్యారేజీతో కూర్చున్న ఒకావిడ విజయనగరం యాసలో అడిగింది. "ఏటి బాబూ, అలా తల పట్టుకున్నావు?"

"మీకు అర్థం కాదులెండమ్మా," అంటూనే చెప్పాను.

ఆవిడ నా పెన్సిలు తీసుకుని, పేజీ అంచున ఇంగ్లిష్‌లో 'మ్యాన్ సార్ట్' అని రాసింది. "మ్యాన్‌ని అడుగు బాబూ. అన్నీ అదే చెప్తాది."

ఎవరైనా మగాణ్ణి పట్టుకుని సరిచేయించుకోమంటోందనుకున్నాను. "నేను ఎవర్నీ అడగను, చదివి నేర్చుకున్నవాణ్ణి. అయినా లైబ్రరీ పుస్తకంలో రాతలేంటండీ?" అని ఆవిడ కళ్ళముందే రబ్బరుతో చెరిపేశాను. పక్కవాళ్ళు నవ్వారు.

"పోన్లే బాబూ," అని ఆవిడ కిటికీ వైపు తిరిగింది. బచేలిలో దిగిపోయింది.

పరీక్షలోనూ రెండు కంటే ముందు పదే వచ్చింది. గడువు అయ్యాక, పరీక్ష పెట్టినాయన "మ్యాన్ నహీ దేఖా?" మ్యాన్ చూడలేదా అంటూ, రైల్లో ఆవిడ రాసిన ఆ రెండు మాటలే కొట్టాడు. మ్యాన్ అంటే మగాడు కాదు, కంప్యూటర్‌లోనే ఉండే మాన్యువల్; తెర నిండా సార్ట్ కమాండు వివరమంతా తెరుచుకుంది. నంబర్లు సరైన వరసలో రావడానికి నేను కలపాల్సింది ఒక్క అక్షరం.

పుస్తకం తిరిగిచ్చే ముందు ఆ పేజీ తీశాను. పెన్సిలు నొక్కులు ఇంకా ఉన్నాయి. వాటి మీదే మళ్ళీ దిద్దాను. లైబ్రరీ పుస్తకంలో నేను రాసింది అదొక్కటే.