చిలక నుంచి గొడవ దాకా

ఆదివారం పేపర్లో అమ్మకు ఇష్టమైన పజిల్ ఒకటి వచ్చేది. రెండు మాటలు ఇస్తారు. ఒక్కోసారి ఒక్క అక్షరమే మారుస్తూ మొదటిదాన్నుంచి రెండోదానికి చేరాలి. మధ్యలో వచ్చేవన్నీ అర్థమున్న మాటలే కావాలి. ఆ వారం చిలక నుంచి గొడవకు పొమ్మన్నారు. అమ్మ పప్పుకు తాలింపు పెడుతూనే చిలక, పలక, పడక, పడవ, గొడవ అని చెప్పేసింది. కంప్యూటర్ చదువు చదివిన నేను పలక దగ్గరే ఆగిపోయాను. రోషం వచ్చింది. ఈ పని మిషన్ చేత చేయించాల్సిందేనని కూర్చున్నాను.

మాది టేకులపల్లి. నాన్న కరెంటు లైన్‌మన్‌గా అడవి లైన్ల వెంట నడిచి నడిచి రిటైరయ్యాడు. ఆయన డిపార్ట్‌మెంట్‌లోనే నాకు ఉద్యోగం వస్తే చేరనన్నాను. ఇంట్లో కూర్చుని ప్రోగ్రాములు రాసుకుంటానన్నాను. అప్పటినుంచి, అంటే ఏడాదిన్నరగా, ఆయన నాతో మాట్లాడడం మానేశాడు. ఏం కావాలన్నా అమ్మ ద్వారానే. నాకూ పంతం తక్కువేం కాదు, నేనూ అమ్మతోనే కబురు పంపేదాన్ని. లోపల మాత్రం ఒక్కసారి 'బిడ్డా' అని పిలిస్తే చాలనిపించేది.

నిఘంటువులో మాటలన్నీ ఎక్కించి ప్రోగ్రాం నడిపాను. దగ్గరి మాటలకు బాగానే దారి చూపించింది. దూరపు మాటలు ఇచ్చేసరికి లాప్‌టాప్ ఫ్యాన్ గుయ్యిమంటూ నిమిషాల తరబడి తిరుగుతూనే ఉంది.

"గా డబ్బా ఏందట, గట్ల మొత్తుకుంటంది? అడుగు," అన్నాడు నాన్న అమ్మతో, పేపర్ దించకుండా.

"నువ్వే అడుగు. నా పొయ్యి మీద అన్నం ఉన్నది," అంది అమ్మ.

నేనే గోడకు చెబుతున్నట్టు చెప్పాను. మొదటి మాటకు ఒక్క అక్షరం తేడా ఉన్నవన్నీ ముందు వెతుకుతుంది. తర్వాత వాటికి ఒక్క అక్షరం తేడా ఉన్నవి, ఆ తర్వాత వాటికి. చూసిన మాటకు గుర్తు పెట్టుకుని మళ్ళీ అటు పోదు. కావలసిన మాట తగిలేదాకా ఇదే వరస.

"ఒక్క కొస నుంచేనా?" అన్నాడు నాన్న.

"అవ్."

"పిచ్చి పని. గాలిదుమారానికి పినపాక దిక్కు అడవిల లైన్ పోతే తెగిన జాగను ఒక్క కొస నుంచే ఎతికేటోళ్లమా, బిడ్డా? ఇటు నుంచో జట్టు, అటు నుంచో జట్టు. నడుమ ఏడనో కలుస్తం. జల్దీ అయితది."

బిడ్డా అన్న సంగతి ఆయన గమనించలేదు. నేను గమనించాను. కదిలిస్తే మళ్ళీ నోరు మూసుకుంటాడేమోనని భయమేసి, తలెత్తకుండా ప్రోగ్రాం మార్చాను. రెండు మాటల నుంచీ ఒకేసారి వెతికించాను. ఎప్పుడో పాఠాల్లో చదివిన పద్ధతే, అవసరానికి తట్టలేదు. ఇందాకటి మాటలే ఇస్తే, ఇలా నొక్కానో లేదో దారి వచ్చేసింది. సిగ్గేసింది, సంతోషమూ వేసింది.

నాన్న లేచి వచ్చి స్క్రీన్ మీదికి వంగాడు. "నడుమ కలిసినట్టు దీనికెట్ల ఎరుక? మేమైతే ఈల ఏసేటోళ్లం."

"ఇటువాళ్లు గుర్తు పెట్టిన మాట అటువాళ్లకు తగిలితే కలిసినట్టే, నాన్నా."

ఆయన ఆ మాటల వరసను పైనుంచి కిందిదాకా చదివాడు. "గిదా నీ పని? ఉద్యోగం వద్దన్ననాడే నాకెందుకు చెప్పలే?"

"నువ్వడగలే."

వంటింట్లో గరిట చప్పుడు ఆగిపోయింది.

"అవ్, అడగలే," అన్నాడు నాన్న. కుర్చీ నా బల్ల దగ్గరికి లాక్కుని కూర్చున్నాడు. "ఇప్పుడు అడుగుతన్న. మొదటి నుంచి చెప్పు."